శాలువా కప్పే ముందు

కావలి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులతో రాయునది.

జూలై 26న కార్గిల్ విజయ్ దివస్ సందర్భంగా, తండ్రిని సైన్యంలో పోగొట్టుకున్న ఐదో తరగతి పిల్లవాడికి మీ బడిలో సన్మానం తలపెట్టారని రాశావు. ఆలోచన మంచిదే. అయితే ముందు వాళ్లమ్మనూ, తరువాత వాడినీ విడిగా అడగండి. వద్దంటే బతిమాలకుండా ఊరుకోండి.

నేను హైస్కూల్లో గుమాస్తాగా ఉండగా ఇలాంటి సభ ఒకటి జరిగింది. సన్మానం ఆరో తరగతి అమ్మాయికి. పెద్దవాళ్లకు కప్పే శాలువా మోకాళ్ల కిందికి జారిపోతుంటే ఆ పిల్ల రెండు గుప్పిళ్లతో పట్టుకుని నిలబడింది. ఆమె తండ్రికి తూటా ఎక్కడ తగిలిందో, పెట్టె ఊళ్లోకి ఎలా వచ్చిందో వక్త మైకులో వర్ణిస్తున్నంతసేపూ ముందు వరుసలో ఉన్న తల్లి ముఖం వైపే చూస్తూ ఉంది. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. సభ ముగిశాక, తండ్రి తోటి సిపాయి ఒకాయన, సెలవు మీద వచ్చినవాడు, అరుగు మీద ఆ పిల్ల పక్కన కూర్చుని, మీ నాన్న సర్వీస్ కొడితే వాలీబాల్‌లో అవతలి జట్టు ఎత్తలేకపోయేదనీ, సెలవు నుంచి వస్తూ తెచ్చిన గోంగూర పచ్చడి మెస్సులో అందరికీ పంచేవాడనీ చెప్పాడు. ఆ రోజు మొత్తంలో ఆమె నోరు తెరిచి ప్రశ్నలడిగింది అప్పుడే. నా లెక్కలో సన్మానమంటే అది.

ఇంకొక మాట. జబ్బు చేసో, ప్రమాదంలోనో పోయిన సిపాయి పిల్లల్ని ఎవరూ వేదిక మీదికి పిలవరు. అది యుద్ధ మరణమా కాదా అన్నదాన్ని బట్టి ప్రభుత్వ కాగితాలు మారితే మారవచ్చు గానీ, బడి ఆ తేడా చూపకూడదు.

కాగితాల సంగతికి వస్తే, యుద్ధంలో మరణించిన, గల్లంతైన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు భరించే పథకం 1971 యుద్ధం తరువాత వచ్చింది. 2017లో నెలకు రూ. 10,000 మించరాదని పరిమితి పెట్టి, విమర్శలు రావడంతో 2018 మార్చిలో ఎత్తివేశారు. మీ బడిలో ఫీజు లేదు గానీ వచ్చే ఏడు వాడు ఎక్కడ చేరతాడో తెలియదు కదా. కలికిరి, కోరుకొండ సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుందని వాళ్లమ్మకు చెప్పడం మంచిదే. కానీ నాన్న దారిలోనే నడవాలన్న బరువు వాడి నెత్తిన పెట్టవద్దు. వక్తలకు అదొక అలవాటు.

వాళ్లమ్మ ఈ కాగితాల పని మీద నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లదలిస్తే, వాడి బోనఫైడ్ సర్టిఫికెట్ మీరే ముందుగా సంతకంతో సిద్ధం చేసి ఇవ్వండి, దానికోసం ఆమెను రెండోసారి తిప్పవద్దు. ఏ రోజు వెళ్తుందో ఫోన్ చేస్తే, నేనూ మీ అమ్మా కావలి నుంచి బస్సెక్కి వచ్చి ఆమెకు తోడుగా ఉంటాము.

ఇట్లు,
నాన్న