మొదటిది తెలిసిన చేతి నుంచే వస్తుంది

8, 9, 10 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు, ఇంటికాడ వాళ్లను చూసుకుంటున్న తాతలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

గంజాయి, గుట్కా అనగానే బడి గేటు దగ్గర నిలబడ్డ ఎవరో కొత్త మనిషి మన కళ్ల ముందుకు వస్తాడు. కానీ మొదటి బీడీ, మొదటి గుట్కా పొట్లం ఎక్కువగా ఇచ్చేది తెలిసినవాళ్లే. పై తరగతి దోస్తు, చదువు మానేసిన అన్న వరుసవాడు, దావత్‌లో "ఒక్క గుక్క తాగురా, ఏం కాదు" అనే మామ. పైసలు అడగరు. వద్దంటే జట్టులో ఉంచుకోరన్న భయంతోనే పిల్లవాడు చేయి చాపుతాడు.

"పోయి బీడీ కట్ట పట్కరా" అని పిల్లలను దుకాణానికి పంపకండి. దుకాణదారుకు ఆ ముఖం అలవాటైతే రేపు ఎవరికని అడగడు. 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం, బడికి 100 గజాల లోపల అమ్మడం 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం నేరం. అమ్ముతున్నట్టు తెలిస్తే మాకు చెప్పండి.

మన పాలమూరులో కల్లు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టు కల్లు కూడా మత్తే, పిల్లలకు పోయకూడదు. కల్తీ కల్లు ఇంకా ప్రమాదం. అందులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్ర, మత్తు మందులు కలుపుతారు. వాటికి అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పొంతన లేకుండా మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే అలవాటైన పిల్లవాడిని గదిలో పెట్టి మాన్పించాలని చూడకండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. ఆయన మందులిచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. పండుగ రోజు చుట్టాలు పోయబోతే అడ్డం పడాల్సింది పిల్లవాడు కాదు, మీరే.

బడి విడిచాక బస్సు వచ్చేదాకా చౌరస్తాలో గడిచే సమయం మీద కన్నేయండి. బొంబాయికో, పుణెకో పనికి పోయినవాళ్లు రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. "తిన్నవా" దగ్గరే ఆగకండి. "ఇయ్యాల ఎవరితో వచ్చినవ్? బస్సు ఎన్నింటికి దొరికింది?" అని అడగండి. అడిగేవాళ్లున్నారని తెలిసిన పిల్లలు కొంత జాగ్రత్తగా ఉంటారు.

జేబులో పొట్లం దొరికితే నలుగురి ముందు కొట్టకండి. కొడితే అలవాటు పోదు, దాచడం నేర్చుకుంటాడు. మత్తు దిగాక, ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరిచ్చారు, ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడగండి. తర్వాత మా దగ్గరికి రండి. టీసీ ఇచ్చి పంపించం. బడి కూడా పోతే ఆ పిల్లవాడికి ఆ జట్టే దిక్కవుతుంది. ఇంటి నుంచే సలహా కావాలంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

మీ
ప్రధానోపాధ్యాయుడు