ఫ్రేము కట్టకముందే మాట్లాడుకోవాలి

సంపాదకులకు,

నగరంలో స్థానిక చిత్రకారులు కలిసి ప్రదర్శన పెడితే పత్రికల్లో జ్యోతి వెలిగిస్తున్న అతిథి ఫొటో వస్తుంది. బొమ్మ ఆయన భుజం వెనక సగమే కనిపిస్తుంది. తప్పు పత్రికలదే కాదు, బొమ్మల గురించి మాట్లాడుకోవడం మాలోనే తగ్గింది. మాదాపూర్‌ స్టేట్‌ గ్యాలరీలోనైనా, మాసాబ్‌ట్యాంక్‌ నెహ్రూ ఆర్ట్‌ గ్యాలరీలోనైనా పక్కవాళ్ల కాన్వాస్‌ ముందు ‘బాగుందన్నా’ అనేసి చాయ్‌కి వెళ్లిపోతాం.

ఒకరి పనిని ఒకరం విమర్శించుకుంటామనే బృందాలు కూడా ఆ ముచ్చట ప్రారంభోత్సవం సాయంత్రానికి పెట్టుకుంటున్నాయి. అప్పటికే అద్దం బిగించి, ధర చీటీ అంటించి ఉంటుంది. వెనక నీలం ఎక్కువైందని అప్పుడు తెలిసి ఏం లాభం? ఈ కూర్చోవడమేదో రెండు నెలల ముందే, బొమ్మ ఫ్రేముల దుకాణానికి పోకముందే జరగాలి. అక్రిలిక్‌ అయితే దిద్దిన పలుచని పూత గంటలో ఆరుతుంది. నూనెరంగు చేతికి అంటకుండా ఆరడానికే రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. దాని మీద చివరి వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, అప్పటిదాకా తాత్కాలికంగా పూసే రీటచింగ్‌ వార్నిష్‌తో సరిపెట్టుకోవాల్సిందే. తొందరపడితే పై పొర ముందు బిగిసి తర్వాత పగుళ్లిస్తుంది. నీటిరంగుల్లో దిద్దుబాటుకు చోటు మరీ తక్కువ కాబట్టి అవి వేసేవాళ్లు చిత్తు స్కెచ్‌లే తెచ్చి చూపించాలి.

పది మంది, తలా మూడు బొమ్మలు అనుకుందాం. ఒక్కోదానికి 15 నిమిషాలైతే మొత్తం ఏడున్నర గంటలు. ఒక్కపూటలో ముగించబోతే చివరి బొమ్మలకు ‘ఊఁ, సరే’ తప్ప ఏమీ దక్కదు. మూడు ఆదివారాలకు పంచుకోవాలి. ఒక్కో బొమ్మ ముందు మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత కన్ను ముందు ఎక్కడ ఆగింది, ఎటునుంచి జారిపోయింది అన్నదే చెప్పాలి. గీసినవాళ్లు అప్పటిదాకా నోరు విప్పకూడదు. వాళ్లు వివరణ మొదలుపెడితే అందరూ బొమ్మను వదిలి మాటలు వింటారు. వయసులో చిన్నవాళ్లే ముందు మాట్లాడాలి. పెద్దాయన ముందు మాట్లాడితే మిగతా వాళ్లవన్నీ వంతపాటలే.

అవధానంలో పృచ్ఛకుల్లాగా ఒక్కొక్కరికి ఒక్కో అంశం ఇస్తే మొహమాటం తగ్గుతుంది: ఒకరికి కూర్పు, ఒకరికి వెలుగునీడలు, ఒకరికి రంగు, ఒకరికి అంచులు. అప్రస్తుత ప్రసంగాన్ని ఎవరికీ అప్పగించనక్కర్లేదు, ఎవరో ఒకరు ఎలాగూ అందుకుంటారు. వెలుగునీడలు చూసేవాళ్లు ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయాలి. ఎర్రచీర, దాని వెనక ఆకుపచ్చ తలుపు రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే, పది అడుగుల దూరం నుంచి ఆ మనిషి తలుపులో కలిసిపోతుంది. కూర్పు చూసేవాళ్లు బొమ్మను తలకిందులుగా పెట్టాలి, అద్దంలోనూ చూడాలి. ఒరిగిన బరువు అప్పుడు ఇట్టే పట్టుబడుతుంది.

అన్నిటికన్నా కష్టం, పేరున్న చిత్రకారుడు తోట వైకుంఠం గారి పెద్ద బొట్టు ఆడవాళ్ల ఛాయ పడిందని ముఖాన చెప్పడం. ఛాయ పడటం తప్పేం కాదు. ఆ బొట్టు అక్కడ ఎందుకుందో గీసినవాళ్లకే తెలియకపోవడం తప్పు.

తగిలించేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉంటే చాలు. తెచ్చేటప్పుడు అక్రిలిక్‌ బొమ్మ ముఖానికి బబుల్‌ ర్యాప్‌ నేరుగా చుట్టకూడదు, ఎండకు బుడగల అచ్చు పడిపోతుంది. మధ్యలో నున్నటి, పలుచని గ్లాసైన్‌ కాగితం ఉండాలి.

గీసినవాళ్లు ఒప్పుకుంటే, వచ్చిన విమర్శలో రెండు మూడు వాక్యాలు బొమ్మ పక్కనే అంటించాలి. అవి చదివినవాళ్లు ఆ బొమ్మను మళ్లీ ఒకసారి చూస్తారు. మీ విలేకరిని ప్రారంభోత్సవానికి బదులు ఇలాంటి ఒక ఆదివారం పంపండి. ఫొటో కావాలంటే దిద్దకముందు ఒకటి, దిద్దాక ఒకటి తీసుకోవచ్చు.

– కొందరు చిత్రకారులు, హైదరాబాద్‌