నాన్నగారికి, చిన్నికి... బెర్లిన్ నుంచి

బెర్లిన్
23 నవంబరు 2025, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. చలి మొదలైంది, ఉన్న స్వెట్టర్లు సరిపోతున్నాయి, కొత్తవి పంపకండి. గోంగూర పచ్చడి సీసా చుక్క కారకుండా చేరింది. అమ్మ మోకాలికి డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తోందా, ఆయింట్‌మెంటుతో సరిపెడుతోందా? మీరే చూసి రాయండి. తనని అడిగితే చేస్తున్నాననే అంటుంది.

పని బాగానే సాగుతోంది.

మొన్న ఫోన్లో మీరు "ఎన్నాళ్ళమ్మా ఇలా నాలుగు పడవల మీద కాళ్ళు" అన్నారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. చిన్ని కూడా ఉద్యోగం మానేసి ఈ దారే పడుతుందని మీ భయం కదా. అందుకే వివరంగా రాస్తున్నాను. ముందు భాగం మీకు, తర్వాతది దానికి.

బొమ్మలు, తెలుగు టైప్‌సెట్టింగ్, సబ్‌టైటిళ్ళు, వాయిస్ ఓవర్. లెక్కకి నాలుగు పనులు. కానీ నాలుగూ తెలుగు చుట్టూనే తిరుగుతాయి నాన్నా. ఒక మ్యూజియం వాళ్ళకి తెలుగు కరపత్రం కావాలనుకోండి. దాన్ని పేజీలో పెట్టేవాళ్ళకి ఆ మాటలు చదవడం వస్తే తప్పులు అక్కడే ఆగిపోతాయి. అదే పాఠానికి ఆడియో గైడ్ అడుగుతారు, తర్వాత ఓ చిన్న వీడియో, దానికి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళు. ఒకరి దగ్గరే మూడు పనులు పుడతాయి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు పనులు నేర్చుకుంటే మీరన్నట్టే అవుతుంది, కాదనను. ఇవాళ పెళ్ళి ఫొటోలు, రేపు వెబ్‌సైటు కోడింగ్, ఎల్లుండి కుట్టుపని అంటే ప్రతిసారీ కొత్త కస్టమర్లని మొదట్నుంచీ వెతుక్కోవాలి. అలసట అక్కడే వస్తుంది. మన ప్రెస్సులో మీరు శుభలేఖలు వేశారు, బిల్లు పుస్తకాలు వేశారు, ఎన్నికల కరపత్రాలు వేశారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోతే బిల్లు పుస్తకాలే కదా ఇల్లు నడిపింది.

ఇక అమ్మ అడిగేది: జ్వరం వస్తే ఎవరు చూస్తారు, డబ్బెవరిస్తారు? ఇక్కడ కళాకారుల కోసం 1983 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. దాని ఆఫీసుని కాఎస్‌కా అంటారు, విల్‌హెల్మ్స్‌హాఫెన్ అనే ఊళ్ళో ఉంది. సొంతంగా పనిచేసుకునే కళాకారులు, రచయితలు ఆరోగ్య బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమా, పెన్షన్ చందాల్లో సగం కడితే చాలు. మిగతా సగంలో, మొత్తం వందకి 30 వంతులు పని ఇచ్చే సంస్థల దగ్గర వసూలు చేస్తారు, 20 వంతులు ప్రభుత్వం పెడుతుంది. 2025లో ఆ సంస్థలు కళాకారులకిచ్చే ఫీజుల మీద 5 శాతం కట్టాలి. ఇందులో చేరాలంటే కళ మీద ఏడాదికి 3,900 యూరోలు దాటి లాభం ఉండాలి, మొదటి మూడేళ్ళు ఆ షరతు కూడా లేదు. ప్రధానమైన బతుకుతెరువు కళే అయి ఉండాలి. పిల్లలకి తెలుగు ట్యూషన్ చెప్తే అది కళ కింద రాదు. వచ్చే ఏడాది ఎంత వస్తుందో అంచనా ఏటా డిసెంబరు 1 లోపు పంపాలి. ఆ కాగితం ఈ రాత్రే నింపుతాను.

అయితే జబ్బుపడితే మొదటి ఆరు వారాలు ఆ బీమా నుంచి రోజుకూలి రాదు. మామూలుగా ఏడో వారం నుంచే ఇస్తారు. అందుకని మూడు నెలల ఖర్చు ముట్టుకోని ఖాతాలో ఉంచుకోవాలి. అది ఉంది నాన్నా. అమ్మకి ముందు ఆ మాట చెప్పండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

పన్ను గురించి కూడా అడిగారు. వచ్చిన ప్రతి 100 యూరోల్లో 30 అదే రోజు వేరే ఖాతాలోకి వెళ్ళిపోవాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినేది రెండో ఏడాది. మొదటి ఏడాది చాలామందిని అడ్వాన్స్ పన్ను అడగరు. రిటర్ను వేశాక ఆ ఏడాది పన్ను మొత్తం, దాంతోపాటు నడుస్తున్న ఏడాది అడ్వాన్సు, ఒకే ఉత్తరంలో వచ్చిపడతాయి. ఆ తర్వాత మార్చి 10, జూన్ 10, సెప్టెంబరు 10, డిసెంబరు 10న కట్టుకుంటూ పోవాలి. అమ్మకం పన్ను బాధ తక్కువ రాబడి ఉన్నవాళ్ళకి లేదు: నిరుడు రాబడి 25,000 యూరోలు దాటకుండా, ఈ ఏడాది లక్ష దాటకుండా ఉంటే బిల్లులో ఆ పన్ను వేయనక్కర్లేదు. వీసాలో మాత్రం ఏ పని రాసి ఉంటే ఆ పనే చేయాలి. దరఖాస్తులోనే అన్ని పనులూ రాసి, ఒక్కోదానికీ పని ఇస్తామనే వాళ్ళ ఉత్తరం జతచేయాలి. బొమ్మలు ఒక్కటే రాసి, తర్వాత గొంతు అమ్ముకుంటానంటే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

బీపీ మాత్రలు పొద్దున్నే వేసుకుంటున్నారా?

చిన్నీ, ఇక్కణ్ణుంచి నీకు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ముందు లెక్క వేసుకో. ఏడాదికి 52 వారాలు, పండగలు, జ్వరాలు, పెళ్ళిళ్ళకి ఆరు తీసేయ్. 46 వారాలు, వారానికి ఐదు రోజులంటే 230 రోజులు. అందులో సగం రోజులకి ఎవరూ డబ్బివ్వరు. మెయిళ్ళు, కొటేషన్లు, బిల్లులు, బాకీ వసూళ్ళు, కొత్తది నేర్చుకోవడం, అన్నీ ఆ సగంలోనే. మిగిలేవి 115. ఖర్చులూ పన్నూ కలిపి ఏడాదికి 6 లక్షల రూపాయలు కావాలనుకుంటే రోజుకి సుమారు 5,200 పడాలి. నువ్వు చెప్పిన లోగోకి 1,500 ధర ఎందుకు చాలదో ఇప్పుడు చూడు. మూడు రోజుల పని అది.

తెలుగు టైప్‌సెట్టింగే ముందు గట్టిగా పట్టుకో. మన అక్షరాలతో చాలా డిజైనర్లు దెబ్బతింటారు, నువ్వు పెరిగిందే వాటి మధ్య. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్‌లోనో బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లోనో, మన అక్షరాలని సరిగా కలిపే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకుండా యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే) తెలుగు అతికిస్తే "లక్ష్మి" విడిపోతుంది. క మీద పొల్లు, పక్కన ష, దానికీ పొల్లు, చివర మ, గుడి ఎక్కడో గాలిలో. తెలుగు రానివాళ్ళకి అది అందంగానే కనిపిస్తుంది, అలాగే అచ్చుకెళ్ళిపోతుంది. కొత్త ఫైలు తెరవగానే "రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం" అని టైపు చేసి చూడు. నాలుగూ సరిగా కూర్చుంటే మిగతావీ కూర్చుంటాయి. వరసకీ వరసకీ ఎడం కూడా ఇంగ్లిష్ లెక్కన చాలదు. 12 పాయింట్ల ఇంగ్లిష్‌కి 14.4 సరిపోతుంది, మనకి ఆ ఎడంలో పై వరస వత్తులు కింది వరస గుడుల్లోకి దిగిపోతాయి. 17 నుంచి 18 పెట్టు, ఫాంటుని బట్టి మార్చుకో. ప్రెస్సులో ఉన్న పాత ఫైళ్ళు అను ఫాంట్లలో ఉన్నాయి, అవి యూనికోడ్ కాదు. కన్వర్టరులో వేశాక ఒక మనిషి ఆసాంతం చదవాల్సిందే, వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. అచ్చుకి పంపేటప్పుడు 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అంచు), ఫొటోలు 300 డీపీఐ, చిన్న అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే. నాలుగు రంగులు కలిపిన నలుపైతే కాగితం రవ్వంత జరిగినా వత్తుల చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. ఇది నాన్నగారిని అడుగు, నాకంటే బాగా చెప్తారు. అక్షరాలని అవుట్‌లైన్ చేసిన, అంటే బొమ్మ గీతలుగా మార్చిన, కాపీ అచ్చుకి పంపు, టైపు చేసిన అసలు ఫైలు దాచుకో. అవుట్‌లైన్ చేశాక అక్షరదోషం దిద్దలేవు.

దాని తర్వాత సబ్‌టైటిళ్ళు. ఇంగ్లిష్‌కి మామూలుగా వరసకి 42 అక్షరాలు, రెండు వరసలు, తెర మీద ఏడు సెకన్లకి మించకుండా. కష్టమంతా వాటిలో మనుషుల చుట్టరికాలు పట్టించడం. అత్తయ్య, పిన్ని, పెద్దమ్మ ముగ్గురినీ "ఆంటీ" అని రాస్తే కథలో ఎవరు ఎవరి తరఫో పోతుంది. అలాంటిచోట పేరు వాడు, లేదా అత్తయ్య అనే ఉంచెయ్. నిమిషానికి ఇంత అని ధర చెప్పేముందు వీడియో చూడు. పోట్లాట సీన్లో ఐదు నిమిషాలు, ప్రకృతి డాక్యుమెంటరీలో ఇరవై నిమిషాలంత పని.

వాయిస్‌కి ఖరీదైన మైకు ఇప్పుడే కొనకు. దుస్తుల బీరువా తెరిచి, వెనక రెండు బొంతలు వేలాడదీసి, ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చెయ్. గొంతు పెద్దదయ్యేచోట మైనస్ 3 డెసిబెల్స్ దాటనివ్వకు, ఎవరూ మాట్లాడనప్పటి శబ్దం మైనస్ 60 కింద ఉండాలి. ముందు అర నిమిషం మౌనంగా రికార్డు చేసుకో, కోతల మధ్య అతుకులకి పనికొస్తుంది. నీ తప్పుకి మళ్ళీ చదవడం ఉచితం. వాళ్ళు రాత మార్చి మళ్ళీ చదవమంటే డబ్బు. ఆ ముక్క పని మొదలెట్టకముందే రాసి ఉండాలి, లేకపోతే తగువే.

ఇంకా కాగితం మీద ఉండాల్సినవి: ఎన్ని బొమ్మలు, ఎప్పటికి, ఎన్నిసార్లు మారుస్తావు (రెండు చాలు), అడ్వాన్సు మూడో వంతు, మిగతాది ఎన్ని రోజుల్లో, ఎక్కడ వాడుకుంటారు, ఎన్నేళ్ళు. చివరి రెండూ అందరూ మర్చిపోతారు. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని లెక్క. ఎవరైనా "మొత్తం హక్కులూ శాశ్వతంగా" అని కాగితం పంపితే సంతకం పెట్టకముందు నాకు ఫొటో పంపు. కచ్చితంగా పంపు.

కంపెనీలు ఇలాంటి ఫీజులో మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తాయి. అది నీ పాన్ కింద పడిందో లేదో ఆదాయపు పన్ను సైటులో మూడు నెలలకోసారి చూసుకో, పడకపోతే ఆ డబ్బు నువ్వు అడిగితేనే తిరిగొస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకూ మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేదు. రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించే పద్ధతి కొన్ని వృత్తులకే వర్తిస్తుంది, నీ పని అందులోకి వస్తుందో రాదో ఆడిటరుగారిని అడుగు. విదేశాల నుంచి డబ్బొస్తే బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ కాగితం ప్రతిసారీ తీసి దాచు.

ఏ ఒక్కరి దగ్గర్నుంచీ నీ రాబడిలో మూడో వంతు మించనివ్వకు. మొదట్లో ఇది కుదరదు, తెలుసు. కుదరనన్నాళ్ళూ ఉద్యోగం ఉంచుకో, శనాదివారాలు ఈ పని చెయ్. ఆరు నెలల ఖర్చు చేతిలో పడ్డాక అప్పుడు నాన్నగారి ముందు కూర్చుని మాట్లాడు. అప్పటిదాకా ఆయన్ని విసిగించకు.

నాన్నా, అటక మీద పాత శుభలేఖల శాంపిళ్ళ ఆల్బమ్ ఉంది కదా, చేత్తో రాయించి బ్లాకులు చేయించినవి. చిన్ని చేత అవి 600 డీపీఐలో, టిఫ్ ఫైళ్ళుగా, పేజీ పక్కన స్కేలు పెట్టి స్కాన్ చేయించండి. అట్ట వంచొద్దు, బైండింగు ఊడిపోతుంది. ఏ అక్షరాలు ఎవరు రాశారో మీకు గుర్తున్నంతవరకు వెనక పెన్సిలుతో రాయండి. పెన్నుతో వద్దు, ఇవతలికి ఊరుతుంది.

అమ్మ మోకాలి సంగతి రాయడం మర్చిపోకండి.

మీ పెద్దమ్మాయి