హీట్ పంప్ తిరిగితే చాలదు

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇల్లు వెచ్చబెట్టడానికి బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకి ఇచ్చే ఆ హీట్ పంప్ యూనిట్ బిగించేశారనీ, పైపులు కలపడం కూడా అయిపోయిందనీ, వచ్చే వారం ‘వచ్చి ఆన్ చేసి వెళ్తారట’ అనీ రాశావు. ఆ చివరి మాట చదివాక ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్‌లో సగం మరిచిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ రోజు ఇది చేతిలో పెట్టుకో.

మా ఇంట్లోనూ అలాగే ఆన్ చేసి వెళ్ళారు. ఫ్యాన్ తిరిగింది, గదుల్లో వేడి నీళ్ళు తిరిగే రేడియేటర్లు వెచ్చబడ్డాయి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. నేనూ సంతోషంగానే ఉన్నాను. పది రోజులకి మీటర్ చూశాక టెన్షన్ మొదలైంది. కరెంటు అనుకున్నదానికంటే బాగా ఎక్కువ కాలుతోంది, అయినా పై గది మాత్రం చల్లగానే ఉంటోంది.

అప్పుడు కంట్రోలర్‌లో సర్వీస్ మెనూ తెరిచి చూశాను. మాది 7 కిలోవాట్ల యూనిట్. పూర్తిగా పనిచేసేటప్పుడు ఇంట్లోకి వెళ్ళే నీటికీ తిరిగొచ్చే నీటికీ 5 డిగ్రీల తేడా ఉండాలంటే నిమిషానికి దాదాపు 20 లీటర్లు తిరగాలి. లెక్క కష్టమేమీ కాదు: కిలోవాట్లను 4.2తో (లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే కిలోజౌళ్ళు), మళ్ళీ ఆ 5 డిగ్రీలతో భాగిస్తే సెకనుకి ఎన్ని లీటర్లో వస్తుంది, దాన్ని 60తో గుణించడమే. మా తెర మీద 11 లీటర్లే ఉంది, తేడా 9 డిగ్రీలు. నీళ్ళు తక్కువ తిరుగుతుంటే అదే వేడిని మోయడానికి వాటిని ఇంకా ఎక్కువ వేడి చేయాలి. హీట్ పంప్‌కి భారమయ్యేది అదే.

రెండోసారి వచ్చినతను చాలా ఓపికమంతుడు. ముందుగా వాల్వులు మూసి, నీళ్ళలోని చెత్తని పట్టే స్ట్రెయినర్ విప్పాడు. జల్లెడ నిండా లోహపు రజను, టేపు పోగులు, నల్లటి బురద. పైపులు కోసి కలిపినప్పుడు మిగిలిన చెత్త, పాత రేడియేటర్లలోని మడ్డి అంతా వచ్చి అక్కడ చేరింది. మొదట్లోనే సిస్టమ్‌ని ఫ్లష్ చేసి, అంటే లోపలి మురికంతా నీళ్ళతో బయటికి తోసేసి, కొన్ని గంటలు తిరిగాక జల్లెడ మరోసారి కడిగి ఉంటే ఈ గొడవే లేదు. కడిగి పెట్టి, పైపుల్లో చిక్కుకున్న గాలి తీసేశాక ఫ్లో, అంటే నిమిషానికి తిరిగే నీళ్ళు, 20 లీటర్లకి చేరింది. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి నువ్వు మొదట అడగాల్సింది ఇదే: ఫ్లష్ చేశారా, స్ట్రెయినర్ కడిగారా, ఇప్పుడు ఫ్లో ఎంత? సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు నీటి ప్రెషర్ సాధారణంగా 1 నుంచి 1.5 బార్ దాకా ఉంటుంది. గాలి తీసేకొద్దీ అది పడిపోతుంది, మళ్ళీ నింపాలి. ఒక్కసారి నింపి వదిలేస్తే కుదరదు.

తర్వాతది వెదర్ కాంపెన్సేషన్. బయట చలి పెరిగితే నీటి వేడి పెరగాలి, చలి తగ్గితే తగ్గాలి. ఎంత చలికి ఎంత వేడి అన్నది కంట్రోలర్‌లో ఒక గీతగా ఉంటుంది, ఆ గీతని ఇంటికి తగ్గట్టు దిద్దాలి. మా దగ్గర ఫ్యాక్టరీ సెట్టింగే వదిలేశారు, బయట ఎలా ఉన్నా దాదాపు 50 డిగ్రీల నీళ్ళే వచ్చేవి. నేను రెండు రోజులకొకసారి ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు తగ్గిస్తూ పోయాను. బయట 2 డిగ్రీలున్నప్పుడు 38 డిగ్రీల నీళ్ళతోనే గదులు 20 దగ్గర నిలబడ్డాయి. ఎంత తక్కువ వేడి నీళ్ళతో ఇల్లు వెచ్చగా ఉంటే, ఒక్కో యూనిట్ కరెంటుకి అంత ఎక్కువ వేడి దక్కుతుంది. ఈ పని ఒక్కరోజులో అయ్యేది కాదు, టెక్నీషియన్ మన ఇంట్లో వారం కూర్చోడు. అందుకే ఆ మెనూ ఎలా మార్చాలో నీకు నేర్పించే దాకా అతన్ని కదలనివ్వకు. రేడియేటర్లు కాల్చేంత వేడిగా లేవని కంగారు పడకు, గోరువెచ్చగా రోజంతా ఉండటమే దీని పద్ధతి. బయటి సెన్సర్‌కి ఎండ తగులుతుంటే గీత ఎంత దిద్దినా లాభం లేదు, అదొక్కటి చూసుకో.

పై గది సంగతి వేరు. పంపుకి దగ్గరి రేడియేటర్లే నీళ్ళన్నీ లాగేసుకుంటుండేవి. వాటిలోకి వెళ్ళే నీళ్ళని తగ్గించే లాక్‌షీల్డ్ వాల్వులు కొద్దికొద్దిగా బిగిస్తే చివరి గదికీ అందింది. బ్యాలెన్సింగ్ అంటే ఇదే.

హీట్ పంప్ చాలనప్పుడు సాయానికి వచ్చే బ్యాకప్ ఎలక్ట్రిక్ హీటర్ గురించి మాత్రం గట్టిగా అడుగు. మా ఇంట్లో అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేలా వదిలేశారు. అది ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఏ పరిస్థితిలో ఆన్ అవుతుందో నీ ముందే చూపించమను.

స్నానాల నీళ్ళ ట్యాంకు రోజూ 48, 50 డిగ్రీలుంటే మాకు సరిపోతోంది. జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా వారానికొకసారి 60కి వేడెక్కేలా టైమర్ పెట్టారు. ఆ పూట కుళాయి దగ్గర పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో, చేతులు కాలతాయి.

చలి బాగా ఉన్న రాత్రి బయటి యూనిట్ మంచుతో తెల్లబడి, ఫ్యాన్ ఆగి, ఆవిరి లేస్తుంది. మొదటిసారి మా ఆవిడ పొగ అనుకుని నన్ను నిద్ర లేపింది. అది డీఫ్రాస్ట్, యూనిట్ తన మంచుని తానే కరిగించుకుంటోంది. కరిగిన నీళ్ళు మాత్రం నడిచే దారి మీదికి పారకూడదు, అక్కడ గడ్డకడితే జారి పడతారు. ఆ డ్రెయిన్ ఎక్కడికి పోతుందో ఇప్పుడే చూడు.

వెళ్ళేముందు ఫ్లో, నీళ్ళు వెళ్ళే వేడి, తిరిగొచ్చే వేడి, ప్రెషర్, గీత సెట్టింగులు, అన్నీ కాగితం మీద రాయించుకో. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి అవే ఆధారం. అవి రాయకుండా సంతకం పెట్టకు రా, నామీద ఒట్టు.

తేదీ ఖాయమవగానే చెప్పు. ఆ రోజు నేను సెలవు పెట్టి ఫోన్ దగ్గరే ఉంటాను. తెర మీద కనిపించిన ప్రతి అంకె ఫొటో తీసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
నేస్తం