ఈ సీజన్ కొండ పరుగులు: ఏం మారుతోంది, ఫీజు ఎందుకు పెరిగింది

మాతో చంద్రగిరి వైపు ఆదివారం పరుగుకు వచ్చే అన్నలకూ అక్కలకూ నమస్కారం. దసరా తర్వాత మొదలయ్యే పరుగులకు శనివారం ఒక బ్యాచ్, ఆదివారం ఒక బ్యాచ్, ఒక్కోదానికి ఇరవై ఐదు మందికి బదులు పన్నెండు మందినే తీసుకుంటున్నాం. తెల్లవారాకే బయల్దేరతాం. మనిషికి 250 రూపాయలున్న ఫీజు 350 అవుతుంది. నెలకు నాలుగు పరుగులంటే నాలుగు వందలు అదనం, ఇంట్లో ఇద్దరు వస్తే ఎనిమిది వందలు. అంత అడుగుతున్నప్పుడు కారణం కూడా విప్పి చెప్పాలి.

ముందు ఎక్కువమంది అడుగుతున్న సంగతి. "కొందరు రాత్రిపూట హెడ్‌లైట్లు పెట్టుకుని అడవి లోపలికి తీసుకెళ్తున్నారట, మీరెందుకు తీసుకెళ్లరు?" అని. తిరుమల చుట్టూ ఉన్న అడవి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు. అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పైగా అది ఎర్రచందనం అడవి. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన వైపు కొండల్లోనే, దాన్ని దొంగతనంగా నరికేవాళ్లను పట్టుకోవడానికి అక్కడ రాత్రీ పగలూ కాపలా ఉంటుంది. చీకట్లో లైటు వేసుకుని పొదల్లో పరిగెత్తే మనిషిని కాపలావాళ్లు ఎవరనుకుంటారో మీరే ఆలోచించండి. మాకు కస్టమర్లు తగ్గినా సరే, ఆ పని చేయం. అడవి లోపలికి పోవాలని మనసున్నవాళ్లు తలకోన లాంటి చోట్ల అటవీశాఖ అనుమతించిన దారుల్లో, వాళ్ల గైడ్‌తో వెళ్లండి. తిరుమల అడవిలోని తుంబురు తీర్థానికైతే ఫాల్గుణ పౌర్ణమికి జరిగే ముక్కోటి ఉత్సవానికి వెళ్లొచ్చు. అది నడిచి చూడాల్సిన దారి, టైమ్ పెట్టుకుని పరిగెత్తేది కాదు.

ఇంకో కోరిక అలిపిరి మెట్ల పరుగు. 3,550 మెట్లు, ఇంతకంటే మంచి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది అంటారు. కాళ్లకు మంచిదే, కాదనను. కానీ ఆ దారిలో ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి పైకెక్కే ఆడవాళ్లుంటారు. గాలిగోపురం చేరేసరికే వాళ్ల నడుములు పడిపోతాయి. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు ఉంటారు. వాళ్ల పక్కనుంచి బూట్లతో, వాచీ చూసుకుంటూ దూసుకెళ్లడానికి నాకు మనసొప్పదు, మా తమ్ముడికీ ఒప్పదు. మొక్కుంటే చెప్పులు విడిచి ఎక్కుదాం, డబ్బు తీసుకుని మాత్రం ఎక్కించం.

కాబట్టి మన దారులు ఎప్పటిలాగే చంద్రగిరి చుట్టుపక్కల చెరువు కట్టలు, మామిడి తోటల గట్లు, బండిబాటలు, పల్లెల వెనకాల గుట్టలు. వేసవిలో ఐదింటికే మొదలుపెట్టే పద్ధతి ఇక లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో, అంత జనం తిరిగే చోట, చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. చంద్రగిరి వైపు పొలాల్లోకి ఏనుగులు కూడా దిగుతున్నాయి. ముందురోజు రాత్రి ఊరివాళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటాం. ఏనుగులు ఆ పక్క ఉన్నాయంటే పరుగు రద్దు, ఆ డబ్బు తర్వాతి వారానికి జమ. జనవరిలో ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు, ఆఫీసుకు వెళ్లాల్సిన శనివారం బ్యాచ్‌కు ఇది కొంచెం టెన్షన్ అని తెలుసు. వాళ్లకు దూరం తగ్గిస్తాం, తెల్లవారకముందు మాత్రం బయల్దేరం.

ఇప్పుడు వానల మాట. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మేలో గానీ మళ్లీ తెరవలేదు. కింద చినుకు లేకపోయినా కొండ మీద కురిసిన వాన వంకలోకి, అంటే వాగులోకి, ఒక్కసారిగా వచ్చేస్తుంది. వంకలో నీళ్లు చీలమండ దాటాయంటే వెనక్కి తిరుగుతాం. అప్పుడు "ఇంకొంచెమేగా అక్కా" అని ఎవరూ అడగొద్దు.

వాన వెలిసిన తర్వాత బండలే అసలు గండం. మనం పరిగెత్తే గుట్టలన్నీ గ్రానైటు. (తిరుమల ఘాట్ రోడ్డులో ఈ పాత రాయి మీద క్వార్ట్‌జైటు అనే ఇంకో రాయి పొరలు కూర్చున్న చోటు కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉంది. ఈసారి కారులో వెళ్తే బోర్డు దగ్గర ఆగి చూడండి.) బండ మీద నీళ్లు జారిన చోట నల్లటి చారలుంటాయి. ఎండ వచ్చాక అవి ఆరినట్టే కనిపిస్తాయి. వేలితో రుద్దితే సన్నటి జిగురు తగుల్తుంది. అది పాచి. పది వేల బూటైనా దాని మీద నిలవదు. పక్కనే తెల్లగా, రాళ్ల ఉప్పు చల్లినట్టు గరుకుగా ఉంటుంది చూడండి, అక్కడ పాదం మొత్తం ఆనించాలి. దిగేటప్పుడు మడమ ముందు వేస్తే జారుతుంది. మోకాలు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులు వేయాలి. ఇరవై ఐదు మందిని వెంటేసుకుని వెళ్తే ఇది ఒక్కొక్కరికీ దగ్గరుండి చూపించడం కుదరదు. బ్యాచ్ తగ్గించడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఇక లెక్క. ఇరవై ఐదు మంది వస్తే ఆదివారానికి 6,250 వచ్చేది. పన్నెండు మందికి 350 చొప్పున 4,200. శనివారం బ్యాచ్ కూడా నిండితే 8,400. అందులోంచి ముందొకరు, వెనకొకరు పరిగెత్తే మనుషులకు రోజుకూలీ, తోటలవాళ్లకు ఇచ్చేది, మందుల పెట్టె, చివర్లో మీరు తాగే రాగి అంబలి, ఉడకబెట్టిన చెనక్కాయలు. శనివారం నిండకపోతే మాకు మిగిలేది చాలా తక్కువ. అందుకే శనివారం రాగలిగినవాళ్లు ఆ రోజు ఎంచుకుంటే మాకు పెద్ద సాయం. మామిడి కోతల నెలల్లో, అంటే మే నుంచి జులై దాకా, తోటల్లో పరుగు ఉండదు. కాయలు కోసే మనుషులకూ ట్రాక్టర్లకూ మనం అడ్డం పోకూడదు.

ఆరు నెలల ఫీజు పాత రేటుకు ముందే కట్టినవాళ్లకు ఆ రేటే, పైసా అదనం అడగం. ఈ మార్పులు నచ్చకపోతే మిగిలిన పరుగుల డబ్బు మొత్తం తిరిగి పంపిస్తాం. దసరా లోపు గ్రూపులో ఒక్క మాట పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు. కొనసాగేవాళ్లు శనివారమో ఆదివారమో చెప్పి, బూటు అడుగు ఒకసారి తిప్పి చూసుకోండి. గాడులు అరిగిపోయి ఉంటే ఆ బూట్లతో బండలెక్కనివ్వం, ఆ రోజుకు చెరువు కట్ట మీదే పరిగెత్తాల్సి ఉంటుంది.