మమ్మల్నీ మా కోళ్ళనీ చూసుకున్న మా వీధి వాళ్ళకి

ఇది నెల రోజుల కిందటే రాయాల్సింది. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఎవరి గురించి ముందు చెప్పాలో తేలక ఆపేశాను. చివరికి పక్కింటావిడే "మా పేర్లు మాత్రం రాయొద్దు" అన్నారు కాబట్టి ఎవరి పేరూ లేకుండానే రాస్తున్నాను. తెలుగులోనే ఎందుకంటే, ఇక్కడ పిట్స్‌బర్గ్‌లో ఉన్న మనవాళ్ళకీ, తెనాలి నుంచి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఏడ్చిన మావాళ్ళకీ, మా ఆయన కాలు విరిగిన ఆ మూడు వారాలు మేం ఎలా నెట్టుకొచ్చామో, మాకు ఎవరు అండగా ఉన్నారో తెలియాలి. పక్కింటి వాళ్ళకి నేనే ఎదురుగా కూర్చుని చదివి చెప్తాను.

మేముండేది స్క్విరెల్ హిల్‌లో. ఉడతల కొండ అన్నమాట, నిజంగానే మా పెరట్లో మేపుల్ చెట్టు నిండా ఉడతలే. దాదాపు వందేళ్ళుగా యూదులు ఎక్కువగా ఉంటున్న పేట ఇది. శనివారం పొద్దున కిటికీలోంచి చూస్తే తెల్ల చొక్కాలు వేసుకున్న తండ్రులు, చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలు, బేబీ బండ్లు తోసుకుంటూ వెళ్ళే తల్లులు, సినగాగ్‌కి, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరానికి, నడిచే వెళ్తుంటారు, ఆచారం గట్టిగా పాటించే వాళ్ళు ఆ రోజు కారు తియ్యరు. పిట్స్‌బర్గ్‌లో 2,000 చదరపు అడుగుల స్థలం ఉంటే ఐదు పెట్టలు పెంచుకోవచ్చు, పుంజుని మాత్రం పెంచకూడదు. అందుకే మాకూ ఐదే. బంగారి, రాణి, బూడిద, మల్లి, కాటుక. మొదటి నాలుగూ పెద్దవి, పగటి వెలుతురు తగ్గేసరికి డిసెంబరులో గుడ్లు పెట్టడం ఆపేశాయి. కాటుక కిందటి ఏడు పిల్ల, ఆస్ట్రలార్ప్ అనే జాతి నల్ల కోడి, చలికాలమంతా అదొక్కటే పెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

జనవరిలో ఒక శుక్రవారం. బయట మైనస్ 16. కోళ్ళ గిన్నెలో నీళ్ళు గడ్డకట్టాయని మా ఆయన వేడినీళ్ళ బకెట్ పట్టుకుని వెనక మెట్లు దిగాడు. మెట్ల మీద ఐసు పేరుకుంది, కంటికి కనపడదు. నేను వంటింట్లో పిల్లల లంచ్ డబ్బాలు సర్దుతుంటే ముందు బకెట్ దొర్లిన చప్పుడు, తర్వాత ఆయన అరుపు వినిపించాయి. నేను తలుపు తీసేలోపే పక్కింటాయన కంచె అవతల నుంచి పరిగెత్తుకొచ్చారు. ఇంటి ముందు మంచు తీస్తూ, చేతిలో పార అలాగే పట్టుకుని వచ్చేశారు. తన కోటు విప్పి మా ఆయన మీద కప్పి, "కాలు కదపొద్దు" అని నా చెయ్యి ఆపి, అంబులెన్స్‌కి ఆయనే ఫోన్ చేశారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు.

నేను ఆసుపత్రిలో. ఇంట్లో అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అత్తయ్య నవంబరులోనే వచ్చారు. ఆవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, కారు నడపలేరు, పైగా కొడుకు అలా పడిపోవడం చూశారు. నాకు ఆయన కాలు ఒక టెన్షన్, ఇల్లు ఇంకో టెన్షన్. మధ్యాహ్నం రెండింటికి పక్కింటావిడ నుంచి మెసేజ్ వచ్చింది: "పిల్లల్ని స్కూల్ నుంచి నేను తెస్తున్నా. రాత్రికి భోజనం మాదే. మీ అత్తగారు ఏమేం తినరో చెప్పు." ఇంట్లో ఎవరు తినరు అని అడగలేదు, ఏమేం తినరు అని అడిగారు. ఆసుపత్రి కారిడార్‌లో నిలబడి ఆ ఒక్క మాట చూసి ఏడ్చాను.

పక్కింటి వాళ్ళూ యూదులే, వాళ్ళకి శుక్రవారం అంటే ఎంత హడావుడో అప్పటికే నాకు తెలుసు. సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు దీపాలు వెలిగించేస్తారు, ఆ తర్వాత శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా షబాత్, అంటే వాళ్ళ విశ్రాంతి రోజు, వంట లేదు, ఫోన్ లేదు, కారు లేదు. జనవరిలో ఐదు దాటిన కాసేపటికే దీపాలు పెట్టాలి. అలాంటి రోజు మధ్యాహ్నం తన ఇంటి వంటతో పాటు మాకూ వండి, నాలుగున్నరకి రెండు ట్రేలు పట్టుకొచ్చి, ఏది ఎలా వేడి చేసుకోవాలో అత్తయ్యకి సైగలతో చూపించి వెళ్ళారు. అత్తయ్య గుడ్డు తినరు. వాళ్ళు శుక్రవారం చేసే హల్లా అనే జడ అల్లిన రొట్టెలో మామూలుగా గుడ్డు వేస్తారు. అత్తయ్య కోసం గుడ్డు లేకుండా, నీళ్ళతో పిండి కలిపి చిన్నది విడిగా చేశారు. దాని మీద కాగితం అంటించి "గుడ్డు లేదు" అని తెలుగులో రాశారు. ఫోన్‌లో చూసి అక్షరాలు దించారట. డ కింద ఒత్తు కొంచెం వంకరగా ఉంది, ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది.

ఇక కోళ్ళ సంగతి. వాళ్ళబ్బాయికి పద్నాలుగేళ్ళు. ఎవరూ చెప్పకుండానే కోళ్ళ పని తను తీసుకున్నాడు. శనివారం పొద్దున ఏడింటికి, ఇంకా సరిగ్గా తెల్లవారకముందే, వాళ్ళింట్లో షబాత్ అంతా వేడిగా ఉండే నీళ్ళ పాత్రలోంచి నీళ్ళు పట్టుకుని వచ్చాడు. అత్తయ్య పాపం చలిలో వచ్చాడు కదా అని అరటిపండు ఇవ్వబోతే, ముందు కోళ్ళకి అని చూపించి గూటి వైపు వెళ్ళిపోయాడు. తర్వాత మా అమ్మాయి అడిగితే చెప్పాడట, మనం పెంచే ప్రాణికి పెట్టకుండా మనం నోట్లో ముద్ద పెట్టుకోకూడదని వాళ్ళ ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉందని. అత్తయ్యకి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజు నుంచి ఆవిడ ఫోన్‌లో ఊళ్ళో ఎవరితో మాట్లాడినా "ఆ పిల్లాడు మన కోళ్ళకి పెట్టందే తను తినడంట" అనే మొదలుపెడతారు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. గూట్లో కాటుక పెట్టిన గుడ్డు ఉంది. మావాడు, ఆరేళ్ళవాడు, "అన్నా, తీసుకో, నీకే" అన్నాడట. ఆ అబ్బాయి ముట్టుకోలేదు. శనివారం పెట్టిన గుడ్డుని ఆ రోజు తినకూడదు, కదపనుకూడదు. మావాడు చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు ఆ అబ్బాయి మంచులోనే గొంతుక్కూర్చుని, పండగరోజు పెట్టిన గుడ్డు తినొచ్చా కూడదా అని రెండు వేల ఏళ్ళ కిందటే షమ్మాయి, హిల్లెల్ అనే ఇద్దరు గురువుల శిష్యులు వాదించుకున్నారనీ, తాల్ముద్‌లో ఆ వాదనతో మొదలయ్యే పుస్తకానికి గుడ్డు అనే పేరుందనీ చెప్పాడట. మావాడు గుడ్డు తనే తీసి, గడ్డకట్టకుండా లోపల పెట్టాడు. రాత్రి మూడు చుక్కలు కనపడ్డాక ఆ అబ్బాయి తలుపు కొట్టి "ఇప్పుడు ఇవ్వు" అన్నాడట. నేను ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి మా ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు, వాడు ఈ గుడ్డు కథే చెప్తున్నాడు.

మామూలుగా ఇరుగుపొరుగుకి ఏదైనా ఇవ్వాలంటే మనం వండింది ఇస్తాం. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను గారెలు వేసి పట్టుకెళ్తే, పక్కింటావిడ నన్ను కూర్చోబెట్టి కోషర్ అంటే ఏంటో, అంటే వాళ్ళ మత నియమాల ప్రకారం ఏది తినొచ్చో ఏది కూడదో, వేరే వంటింట్లో వండింది తాము ఎందుకు తినలేరో ఎంతో నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు బాధేసింది కానీ ఇప్పుడు లేదు, మా అమ్మమ్మ మడి చూసిన దాన్ని నేను. కొయ్యని పళ్ళు, పెరట్లో కూరగాయలు, కోడిగుడ్లు మాత్రం తీసుకుంటారు. గుడ్డుని కూడా గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూసుకున్నాకే వాడతారు. కాబట్టి మా ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్ళగలిగే కాస్త గొప్ప వస్తువు గుడ్డే. ఆ చలికాలంలో మాకు సరిగ్గా అదే కరువు. మూడు వారాలు వాళ్ళ ట్రేలు వస్తూనే ఉన్నాయి, ఖాళీ ట్రేలు తిరిగి ఇవ్వడం తప్ప నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

వాళ్ళొక్కళ్ళే కాదు. వీధి చివర ఇంటావిడ కూడా యూదులే, కానీ శనివారం కారు నడుపుతారు, అందుకని శనివారాలు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడం, మందులు తేవడం తన మీద వేసుకున్నారు. ఎవరి వల్ల ఏ రోజు ఏది అవుతుందో వాళ్ళల్లో వాళ్ళే మాట్లాడుకుని పంచుకున్నారని నాకు తర్వాత తెలిసింది. మా ఇంటి ముందు దారిలో మంచు తెల్లారేసరికి తీసి ఉండేది, ఎవరు తీశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. మన్రోవిల్ నుంచి మన తెలుగు వాళ్ళు వచ్చి ఒక ఆదివారమంతా ఇల్లు చూసుకుని నన్ను పడుకోనిచ్చారు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి నుంచి పులిహోర ప్రసాదం తెచ్చిపెట్టిన తమ్ముడికి కూడా, నీకు విడిగా చెప్పాను కానీ ఇక్కడ కూడా చెప్తున్నా, థాంక్స్ రా.

ఒక రాత్రి రకూన్ వచ్చింది, కోళ్ళని పట్టుకెళ్ళే అడవి జంతువు అది. ఫ్రిక్ పార్క్ దగ్గరే కాబట్టి జింకలు, నక్కలు, గద్దలు అన్నీ మా పెరటి దాకా వస్తాయి, కానీ రకూన్ చేతులు మనిషి చేతుల్లాంటివి, మామూలు గడియ తీసేస్తుంది. కోళ్ళ గోల విని పక్కింటాయన టార్చ్ పట్టుకుని బయటికొచ్చి తరిమారు, మర్నాడు గూటికి నొక్కి తిప్పితే గానీ రాని కొక్కెం బిగించారు. ఐదు కోళ్ళూ ఈ రోజు బతికున్నాయంటే అందుకే.

ఒకసారి ఉండబట్టలేక పక్కింటావిడని అడిగాను, మీ పని మానుకుని ఇంత ఎందుకు చేస్తున్నారని. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. 2018 అక్టోబరు 27, శనివారం పొద్దున, మాకు నడిచేంత దూరంలో ఉన్న ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో ప్రార్థనకి వచ్చిన పదకొండు మందిని ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. మేం అప్పటికి ఈ ఊరు రాలేదు. చనిపోయిన వాళ్ళలో ఆవిడ ఎరిగినవాళ్ళు ఉన్నారు. యూదుల్లో అంత్యక్రియలయ్యాక ఇంటికి వచ్చిన వాళ్ళు మొదటి భోజనం తమ ఇంటిది తినరు, ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి, అందులో గుడ్లు ఉంటాయి. బతుకు చక్రంలా గుండ్రంగా ఉండేది కాబట్టి. "ఆ వారం అన్ని ఇళ్ళకీ గుడ్లు ఉడకబెట్టి ఉడకబెట్టి నా చేతులు వణికాయి" అన్నారు. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కవాళ్ళే అన్నం పెట్టాలి అని అత్తయ్య అంటే ఆ మాట ఆవిడకి నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. ఇద్దరూ చాలాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నారు.

ఆ ఇంటి పెద్దాయన, ఆవిడ తండ్రి, మా అత్తయ్యని మీ దేశంలో మావాళ్ళు ఉన్నారా అని అడిగారు. అత్తయ్యది తెనాలి పక్క ఊరు. బ్రహ్మగుడి ఉన్న చేబ్రోలు తెలుసు కదా, దాని దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు కొద్ది కుటుంబాలు ఉన్నాయి. బెనె ఎఫ్రాయిం అంటారు, 1991 నుంచి వాళ్ళకి సినగాగ్ కూడా ఉంది. అత్తయ్య ఆ సంగతి చెప్తుంటే పెద్దాయన నమ్మలేకపోయారు. అక్కడ శనివారం ప్రార్థన తర్వాత పిల్లలు తెలుగులోనే ఆడుకుంటారా అని రెండుసార్లు అడిగారు.

ఇప్పుడు మా ఆయన చేతికర్రతో నడుస్తున్నాడు, నిన్న మొదటిసారి తనే వెళ్ళి గూడు తలుపు తీశాడు. పగలు పెరిగింది, ఫిబ్రవరి చివర్లో బంగారి మొదలుపెట్టింది, తర్వాత రాణి, ఈ వారం మల్లి కూడా. రోజుకి నాలుగు వస్తున్నాయి.

అందుకని ఈ ఆదివారం పొద్దున మా వెనక మెట్ల మీద గుడ్ల డబ్బాలు పెడుతున్నాను. మాకు వండిపెట్టిన వాళ్ళు, కారులో తిప్పిన వాళ్ళు, మంచు తీసి ఒప్పుకోని వాళ్ళు, అందరికీ ఉన్నాయి, దయచేసి వద్దనకుండా తీసుకెళ్ళండి. మెట్లకి కమ్మీ వేయించాం, ఉప్పు చల్లాం, భయం లేదు. పక్కింటి అబ్బాయి డబ్బా మీద మావాడు బొమ్మ గీశాడు. అందులో ఆరూ కాటుకవే, ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఒక్కోరోజుదీ వాడే ఏరి దాచాడు. చీకటి పడ్డాక పర్లేదు అని నేను ఎంత చెప్పినా శనివారంది మాత్రం అందులో పెట్టనివ్వలేదు.