ఇంటర్ రెండో ఏడాదిలోనే స్కాలర్‌షిప్ కాగితాలు సరిచేయించాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారమంతా పత్రికల్లో మార్కులు, ర్యాంకుల వార్తలే. ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో, ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లెవరూ లేని పిల్లలు తమకు రావలసిన డబ్బును చేజేతులా వదులుకుంటున్నారు. మార్కులు చాలక పోగొట్టుకునేవాళ్లు కొందరే. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉండి కొందరికి, బ్యాంకు ఖాతా కుదరక కొందరికి, ఏ కోటాలో సీటు తీసుకున్నారో తెలియక ఇంకొందరికి పోతోంది. దరఖాస్తులు మొదలయ్యాక వీటిని దిద్దుకునే వ్యవధి ఉండదు. అందుకే ప్రభుత్వ జూనియర్ కళాశాలలన్నిటిలో రెండో ఏడాది పిల్లలకు జనవరిలోనే ఈ తనిఖీ పూర్తిచేయించాలని కోరుతున్నాం.

మొదట పేరు సంగతి. తెలంగాణ ఈ-పాస్‌లో (రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల దరఖాస్తు వెబ్‌సైట్) పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం కొడితే మెమోలోని పేరే వస్తుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉన్నా, ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు అక్కడే ఆగవచ్చు. మెమో మార్పించాలంటే హెడ్‌మాస్టర్ నుంచి పరీక్షల బోర్డు దాకా నెలలు తిరగాలి. మెమోలో తప్పు లేకపోతే దాన్నే ఆధారంగా చూపించి ఆధార్‌ను సరిచేసుకోవడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. నెట్ సెంటర్‌లో తొందరపడి ఏదో ఒకటి కొట్టించి ఆ అవకాశం వృథా చేసుకోకూడదు. మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి.

బ్యాంకు దగ్గర నష్టపోయేవాళ్లే ఎక్కువ. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. కేవైసీ కోసం ఆధార్ జిరాక్స్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ సొమ్ము పడేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల చెల్లింపులు నడిపే సంస్థ) సీడింగ్, అంటే ఆధార్‌ను ఖాతాకు జతచేయడం, చేయించడం వేరు. రెండోది జరగకపోతే మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ దగ్గర ఏ బ్యాంకు ఉందో కనిపిస్తుంది. రెండు ఖాతాలుంటే చివరగా సీడింగ్ అయినదానికే డబ్బు వెళ్తుంది. బడిలో ఉన్నప్పుడు తీసిన మైనర్ ఖాతాను 18 ఏళ్లు నిండగానే మళ్లీ కేవైసీ ఇచ్చి మార్పించుకోవాలి. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే ఏడాదిలో లక్ష రూపాయలకు మించి జమ కాదు, నిల్వ 50 వేలు దాటకూడదు. ఇంజినీరింగ్ ఫీజు పడాల్సిన ఖాతాకు ఈ పరిమితులు అడ్డం వస్తాయి.

ఫోన్ నంబరుది మరో తలనొప్పి. రీఛార్జి చేయించక నాన్న సిమ్ ఆగిపోయి ఉంటుంది, లేదా నెట్ సెంటర్ అతను తన నంబరే ఇచ్చి ఉంటాడు. ఓటీపీ రాకపోతే మర్నాడు దరఖాస్తు తెరుచుకోదు. డిగ్రీ అయ్యేదాకా మారని నంబరు ఒకటి ఆధార్‌కూ బ్యాంకుకూ ఇవ్వాలి. పాస్‌వర్డు, దరఖాస్తు నంబరు నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఇక సీటు. నష్టం భారీగా జరిగేది ఇక్కడే, అదీ పైకి కనపడకుండా. తెలంగాణలో మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో (మిగిలిపోయిన సీట్లలో చేరడం) చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలైన దోస్త్‌లో స్పాట్ రౌండుకూ ఇదే వర్తిస్తుంది. ‘మీకు స్కాలర్‌షిప్ వస్తుంది, మేం చూసుకుంటాం’ అని కాలేజీల తరఫున ఊళ్లలో తిరిగే వాళ్లు చెప్పేది నమ్మి మొదటి కౌన్సెలింగులు వదిలేసుకోవద్దు. చేరే ముందు ‘ఇది కన్వీనర్ సీటేనా (ప్రభుత్వ కౌన్సెలింగులో ఇచ్చినదేనా)?’ అని అడిగి, అలాట్‌మెంట్ ఆర్డర్ చేతికి తీసుకోవాలి. ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటి కాదు. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన తరగతులు) గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2.5 లక్షలు. తెలంగాణలో ఇంజినీరింగ్ చేరే బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకుంటే మొత్తం ఫీజు, దాటితే చాలా ఏళ్లుగా 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతాది ఎక్కడి నుంచి తేవాలో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే ఇంట్లో కూర్చుని లెక్క వేయాలి. చేరాక వేసే లెక్క అప్పుతోనే తీరుతుంది.

ఇక రాష్ట్ర పథకం ఒక్కటే దిక్కనుకోవద్దు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఏటా 82 వేల మందికి కొత్తగా ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి, సగం అమ్మాయిలకే. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12 వేలు వస్తాయి. బోర్డు పరీక్షలో 80 పర్సంటైల్ దాటాలన్నది నిబంధన. దీన్ని 80 శాతం మార్కులని పొరబడేవాళ్లు చాలామంది. పాసైనవాళ్లలో మొదటి 20 శాతంలో ఉండాలని దాని అర్థం. మన బోర్డుల్లో మార్కులు ధారాళంగా పడతాయి కాబట్టి 85 వచ్చినా చాలకపోవచ్చు. పైగా ఇది తీసుకుంటే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోకూడదు. ఫీజు కొద్ది వేలే ఉండే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరినవాళ్లకు ఈ 12 వేలు మేలు, ప్రైవేటు ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకు రాష్ట్ర పథకం మేలు.

ఈ పోర్టల్‌లో ముందు ఆధార్ ముఖ గుర్తింపుతో ఓటీఆర్ (ఒకసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. దీన్ని ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఒకసారి తీస్తే చాలు. విద్యార్థికి ఒక గడువు, కాలేజీ ధ్రువీకరణకు మరో గడువు ఉంటాయి. సబ్మిట్ కొట్టి ఇంటికెళ్లిపోతే సరిపోదు. ప్రింటు, సర్టిఫికెట్లు కాలేజీలో స్కాలర్‌షిప్ పనులు చూసే నోడల్ అధికారికి ఇచ్చి, స్టేటస్ మారేదాకా వారానికోసారి చూసుకోవాలి. తప్పులున్నాయని వెనక్కి పంపిన దరఖాస్తు తిరిగి పంపకపోతే అది అంతటితో ముగిసినట్టే.

ఇంజినీరింగ్, డిప్లొమా మొదటి ఏడాదిలో చేరే అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్య జాతీయ మండలి) ప్రగతి పథకం కింద ఏడాదికి 50 వేలు ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఒకే ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా అర్హులు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తుంది. దానికి ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పనిసరి. ఫారం నింపి ఆ పరీక్ష రాయకుండా వదిలేస్తే దరఖాస్తు లెక్కలోకి రాదు. విద్యాధన్ లాంటి ప్రైవేటు సంస్థల స్కాలర్‌షిప్‌లు పది పాసైన వెంటనే మొదలవుతాయి, కాబట్టి ఆ కబురు హైస్కూలు టీచర్లు చెప్పాలి. దరఖాస్తుకు ముందుగా డబ్బు కట్టమన్నా, ఫోన్ చేసి ఓటీపీ అడిగినా అది మోసమే.

ఎస్సీ విద్యార్థుల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. 2021లో మారిన పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే) స్కాలర్‌షిప్ నిబంధనల ప్రకారం కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అందులో కాలేజీకి కట్టాల్సిన ఫీజు కూడా ఉంటుంది. అది తెలియక ఎరువులకో, వైద్యానికో వాడేస్తే కాలేజీ నుంచి ఒత్తిడి మొదలవుతుంది. డబ్బు పడ్డ రోజే కాలేజీలో కట్టి రసీదు తీసుకోవాలి. బకాయిల పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018 ఉత్తర్వులకు విరుద్ధమని కూడా కుటుంబాలకు తెలియాలి.

మొదటి ఏడాది వచ్చింది కదా అని రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోయేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. ఏటా రెన్యువల్ చేసుకోవాల్సిందే, హాజరు 75 శాతం ఉండాల్సిందే.

తమిళనాడులో 2010-11 నుంచి కుటుంబంలో తొలి పట్టభద్రులయ్యే పిల్లలకు రెవెన్యూ శాఖ ధ్రువపత్రం ఇస్తోంది. దాంతో కౌన్సెలింగ్ ద్వారా వృత్తివిద్యా కోర్సుల్లో చేరితే ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి వర్గమే లేదు. అది పెట్టడం ప్రభుత్వాల చేతిలో ఉంది, సమయం పడుతుంది. ఈలోపు ప్రతి జూనియర్ కళాశాలలో ఒక అధ్యాపకుడికి బోధన గంటలు తగ్గించి ఈ బాధ్యత అప్పగించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. జనవరిలో పేర్లు, ఖాతాలు చూడాలి, మేలో ఆదాయ పత్రాలు తీయించాలి, కౌన్సెలింగ్ సమయంలో ఫోన్‌కు దొరకాలి. మీ పత్రిక కూడా జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకోసారి జిల్లా పేజీలో స్కాలర్‌షిప్‌ల గడువు తేదీలు పెట్టె కట్టి ప్రచురించాలని మనవి.

– ప్రభుత్వ కళాశాలల్లో స్కాలర్‌షిప్ పనులు చూస్తున్న అధ్యాపకులు, మహబూబాబాద్ జిల్లా